నెల తప్పగానే కార్తెల లెక్క: గోదావరి డెల్టాలో గర్భిణి ఎండ, వరద, తుఫాను దాటేది ఎలా

గ్రహణం వస్తే మన వైపు కడుపుతో ఉన్న పిల్లని గది దాటనివ్వరు. కత్తిపీట ముట్టనివ్వరు, అటూ ఇటూ ఒత్తిగిల్లినా కసురుతారు. అదే పిల్ల రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం రేకుల వంటింట్లో పొయ్యి ముందు నిలబడి పదిమందికి వండుతుంటే ఎవరికీ ఏమీ అనిపించదు. గ్రహణం వల్ల బిడ్డకి ఏదో అవుతుందని ఏ పరిశోధనా తేల్చలేదు. వేడి వల్ల అవుతుందని మాత్రం చాలా దేశాల్లో తేలింది.

27 దేశాల్లో జరిగిన 70 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన సమీక్ష ఒకటి 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే 37 వారాలు నిండకుండానే కాన్పయ్యే అవకాశం సుమారు 5 శాతం పెరుగుతోందని, వడగాలుల రోజుల్లో అది 16 శాతం దాకా వెళ్తోందని అందులో తేలింది. కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం కూడా పెరుగుతోంది, పుట్టే బరువూ కాస్త తగ్గుతోంది. మనకి దగ్గర్లోనే, తమిళనాడులో 800 మంది గర్భిణుల్ని చెన్నైకి చెందిన శ్రీరామచంద్ర సంస్థ వాళ్ళు గమనించారు. పొలాల్లో, ఇటుక బట్టీల్లో, ఉప్పు మడుల్లో వేడికి పనిచేసినవాళ్ళకి గర్భం పోయే ప్రమాదం, చల్లని చోట పనిచేసినవాళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంది.

16 శాతం అంటే కంగారు పడకండి. నూరు కాన్పుల్లో పది ముందుగా అయ్యే చోట పదకొండో, పదకొండున్నరో అవుతాయని అర్థం. అందరికీ అవుతుందని కాదు. కానీ ఆ ఒక్కరూ మన ఇంట్లోవాళ్ళు కాకూడదంటే చేయాల్సిన పనులున్నాయి, వాటిలో చాలా వాటికి డబ్బు ఖర్చు లేదు.

ముందు క్యాలెండర్ దించండి

ఆఖరి నెలసరి మొదలైన తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలపండి. కాన్పు తేదీ అటూ ఇటూగా వస్తుంది. మొదటి స్కానింగులో డాక్టరు తేదీ మారిస్తే ఆ తేదీనే పట్టుకోండి. ఇప్పుడు ఆ తొమ్మిది నెలల మీద మన డెల్టా కాలాలు గుర్తు పెట్టండి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా ఎండ, ఉక్క. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుఫాన్లు. మే నెలలో కూడా తుఫాన్లు రాకపోవు.

ఆఖరి నెలసరి ఆగస్టు, సెప్టెంబర్లలో వచ్చి ఉంటే ఎనిమిదీ తొమ్మిదీ నెలలు సరిగ్గా నడివేసవిలో పడతాయి. నవంబరులో వచ్చి ఉంటే పురుడు ఆగస్టు వరదల్లో. జనవరి, ఫిబ్రవరి అయితే తుఫాన్ల నెలల్లో. ఎవరికి ఏ గండం ఎక్కువో ఈ లెక్కలోనే తెలిసిపోతుంది. అందరికీ ఒకే సలహా ఇవ్వడం దండగ.

కొత్త కోడల్ని ఆషాఢంలో పుట్టింటికి పంపేయడం వెనక కూడా ఈ లెక్కే ఉందంటారు. ఆషాఢంలో గర్భం నిలిస్తే పురుడు చైత్ర వైశాఖాల ఎండల్లో వస్తుందని. లెక్క తప్పేం కాదు. కాకపోతే దాని చూపంతా పురుటి రోజు మీదే. వేడి ప్రభావం మొదటి నెలల్లోనూ ఉంటుంది. బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడే మొదటి ఆరు వారాల్లో తల్లి ఒంటి వేడి 39 డిగ్రీలు, అంటే థర్మామీటర్లో 102 దాటి అలాగే ఉంటే బిడ్డకి లోపాలు వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే మొదటి నెలల్లో జ్వరాన్ని ‘అదే తగ్గుతుందిలే’ అని వదిలేయకూడదు. పారాసిటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుని, జ్వరం ఎందుకొచ్చిందో అదే రోజు చూపించుకోవాలి. మెడికల్ షాపులో ఒళ్ళునొప్పులకని ఇచ్చే వేరే మాత్రలు వద్దు. ఐబుప్రొఫెన్ లాంటివి గర్భిణికి పనికిరావు, ఆ జ్వరం డెంగీ అయితే ఇంకా ప్రమాదం.

ఎండ కాదు, ఉక్క చూడండి

రెంటచింతల్లో 45 అని టీవీలో చెబితే, మనకి 37 ఏగా, నయమే అనుకుంటాం. అక్కడే పొరపాటు. 35 డిగ్రీల ఎండకి గాలిలో 60 శాతం తేమ తోడైతే ఒంటికి తగిలే వేడి 45 దాకా ఉంటుంది. చెమట కారడం వల్ల ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. మన గాలిలో అది ఆరదు. వాతావరణ శాఖ కూడా తీర ప్రాంతాలకి 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉంటే చాలు, వడగాలులు అంటుంది. మైదానాలకైతే 40 దాటాలి.

ఒళ్ళు వేడెక్కితే రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, మాయకి వెళ్ళేది తగ్గుతుంది. నీరు తగ్గితే గర్భసంచి బిగుసుకోవడం మొదలవుతుంది, ఒక్కోసారి అవే నొప్పులుగా మారతాయి. బిడ్డ ఒంటి వేడి ఎప్పుడూ తల్లి కంటే అర డిగ్రీ ఎక్కువే ఉంటుంది, ఆ వేడి బయటికి పోవడానికి తల్లి ఒళ్ళు తప్ప వేరే దారి లేదు.

ఇంటి కప్పు దగ్గర మొదలుపెట్టండి. తాటాకిల్లు, పెంకుటిల్లు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. రేకుల ఇల్లయితే మార్చి నెలాఖరుకే కప్పు మీద కొబ్బరి మట్టలు రెండు వరసలు పరిపించండి, గాలికి లేవకుండా తాడుతో కట్టించండి. మన ఊళ్ళలో మట్టలకి కరువు లేదు. ఎండు మట్టలు కదా, పొయ్యి గొట్టానికీ కరెంటు తీగలకీ దూరంగా ఉండాలి. స్లాబు ఇల్లయితే డాబా మీద సున్నం రెండు పూతలు. సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లితే పగలు పట్టిన వేడి రాత్రికి గదిలోకి దిగదు.

ఎయిర్ కూలరు విషయంలో మన దగ్గర చాలామంది బోల్తా పడతారు. తలుపులు, కిటికీలు బిగించి కూలరు వేస్తే అరగంటలో గది తేమతో నిండి ఉక్క రెట్టింపవుతుంది. కూలరు కిటికీ దగ్గర పెట్టి, ఎదురు కిటికీ తెరవాలి. అది కుదరకపోతే కూలరు కన్నా ఫ్యానే మేలు. తడిగుడ్డతో మెడ, చేతులు, పాదాలు తుడుచుకుని ఫ్యాను కింద కూర్చోండి. కరెంటు పోతే తాటాకు విసనకర్ర, తడిగుడ్డ. రోజుకి రెండు మూడు స్నానాలు చేసినా ఏమీ కాదు.

వంట తెల్లారగట్లే అయిపోవాలి. ఇంట్లో మగవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకొక మాట. పదకొండు నుంచి నాలుగు దాకా ఆ పొయ్యి దగ్గర ఎవరో ఒకరు నిలబడక తప్పదనుకుంటే ఆ ఒకరు మీరే అవ్వండి. ఆవకాయ ఈ ఏడాది ఆవిడ పెట్టకపోతే కొంపేం మునగదు.

కూలికి వెళ్ళేవాళ్ళకి ఇంట్లో ఉండమని చెప్పడం తేలిక, కడుపు నిండాలి కదా. దాళ్వా (రెండో పంట వరి) కోతలు, ఉపాధి పనులు సరిగ్గా ఈ ఎండల్లోనే వస్తాయి. వెళ్ళక తప్పకపోతే తెల్లారేసరికి పని మొదలుపెట్టి పదిన్నర లోపు ముగించే ముఠాలో చేరండి. ఉపాధి పనిలో మేటుకి ముందే చెబితే మట్టి మోయడం కాకుండా నీళ్ళందించడం, పిల్లల్ని చూడటం లాంటి పని అడగొచ్చు. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి ఇరవై నిమిషాలకీ ఓ గ్లాసు తాగండి. తల తిరిగినా, పొత్తికడుపు గట్టిపడినా నీడకి వచ్చేయండి. ఆ పూట కూలి పోతే పోనివ్వండి.

ఎన్ని నీళ్ళు, ఏ నీళ్ళు

‘నీళ్ళు తాగితే కాళ్ళకి నీరు దిగుతుంది’ అని అత్తగారో, అమ్మమ్మో అంటారు. పాదాల వాపుకి కారణం తాగే నీళ్ళు కాదు, పెరిగే గర్భం కాళ్ళ రక్తనాళాల్ని నొక్కడం. తాగడం తగ్గిస్తే వాపు తగ్గదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, ఆ ఇన్ఫెక్షన్ కూడా నెలలు నిండని కాన్పుకి ఒక కారణమే. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు ఇన్నే తాగమని చెప్పినవాళ్ళు తప్ప, వేసవిలో రోజుకి మూడు లీటర్లు తాగాలి. కొలత కష్టమైతే మూత్రం రంగు చూడండి. లేత గడ్డి రంగులో ఉంటే సరే. ఆవనూనె రంగులోకి వస్తే వెంటనే రెండు గ్లాసులు.

ఉప్పేసిన పల్చటి మజ్జిగ మన దగ్గరున్న మంచి మందు. కొబ్బరి బోండాం కూడా మంచిదే, అది తాగితే బిడ్డకి జలుబు చేస్తుందన్నది వట్టి మాట. అయితే కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయే ఉప్పు తక్కువ. బాగా చెమట పట్టిన రోజు దాంతోపాటు మజ్జిగో ఓఆర్‌ఎస్సో కూడా ఉండాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలిపి, ఆ రోజే వాడి, మిగిలింది పారబోయాలి. సగం ప్యాకెట్ సగం గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై మేలు కన్నా కీడు. ముంజలు, పుచ్చకాయ, చద్దన్నంలో మజ్జిగ అన్నీ తినొచ్చు. షుగరున్నవాళ్ళు చెరకు రసం, కూల్‌డ్రింకుల జోలికి పోవద్దు. ఇన్సులిన్ వాడేవాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే, లేదా కరెంటు పోతే, సీసాని పాలిథిన్ కవర్లో చుట్టి, తడి ఇసుకలో దింపిన చిన్న మట్టికుండలో పెట్టి నీడన ఉంచండి.

ఏ నీళ్ళన్నది ఇంకా పెద్ద విషయం. సముద్రం వైపు, అంతర్వేది, సఖినేటిపల్లి, మలికిపురం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని వేరే చెప్పక్కర్లేదు. వేసవిలో కాలువలు కట్టేశాక మంచినీళ్ళ చెరువు కూడా అడుగంటుతుంది. మనలాంటి డెల్టాయే అయిన బంగ్లాదేశ్ తీరంలో, డాకోప్ అనే చోట గర్భిణుల్ని పరిశీలిస్తే, ఉప్పునీళ్ళు తాగే ఎండాకాలం నెలల్లో రక్తపోటు కేసులు వానాకాలం కన్నా ఎక్కువ కనిపించాయి. బీపీ పెరిగితే గుర్రపువాతం, అంటే ఫిట్లు వచ్చేదాకా వెళ్ళొచ్చు, తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రమాదం. కాబట్టి ఇంట్లో అందరికీ టిన్ను నీళ్ళు కొనలేకపోయినా, గర్భిణి తాగడానికి మాత్రం చప్పటి నీళ్ళు తెప్పించండి. వేసవిలో బీపీ చూపించుకోవడానికి నెల తిరిగేదాకా ఆగకుండా పదిహేను రోజులకోసారి మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎమ్ దగ్గరికి వెళ్ళండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలుంటాయి, అది ఎలాగూ వదలొద్దు.

వరద వచ్చాక సమస్య ఉప్పు కాదు, మురుగు. ముంపు నీళ్ళు కలిసిన నీళ్ళతో విరేచనాలు, టైఫాయిడ్ వస్తాయి. అన్నిటికన్నా భయపడాల్సింది హెపటైటిస్-ఇ కామెర్లకి. మామూలు మనిషికి అది కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఆఖరి మూడు నెలల గర్భిణికి ప్రాణాంతకం, నూటికి ఇరవై మంది దాకా చనిపోవచ్చు. నీళ్ళు బుడగలొచ్చేలా మరిగించి, చల్లార్చి తాగండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం బాగా ముదురు రంగులో వచ్చినా పసరు మందుకి పోకండి. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

దారి తెగకముందే దాటండి

లంకల్లో, అంటే ఏటి మధ్య ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఇదే అసలు విషయం. ఇక్కడ వరద నీళ్ళ కన్నా ఆసుపత్రికి దారి తెగడమే పెద్ద గండం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంటే సముద్రంలోకి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు వదిలే స్థితి. కానీ పి.గన్నవరం చుట్టుపక్కల కొన్ని కాజ్‌వేలు మొదటి హెచ్చరిక రాకముందే మునిగిపోతాయి. నరసాపురం–సఖినేటిపల్లి మధ్య ఏరు దాటించే పంటు కూడా ఏరు పోటెత్తితే ఆపేస్తారు. కాబట్టి ధవళేశ్వరం అంకె కోసం కాచుక్కూర్చోకండి. భద్రాచలంలో 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారని వినగానే బట్టల సంచీ సర్దండి. అక్కడి నీళ్ళు మన దగ్గరికి వచ్చేలోపు దొరికే టైమే మీ టైము. 2022 జూలైలో భద్రాచలంలో 71 అడుగులు దాటింది, అప్పుడు లంకల్లో ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి.

36 వారాలు నిండినవాళ్ళు, కవలలున్నవాళ్ళు, ముందు ఆపరేషన్ అయినవాళ్ళు, బీపీ, రక్తహీనత ఉన్నవాళ్ళు జూలై మూడో వారం నుంచీ ఏటిగట్టు ఇవతల చుట్టాలింట్లో ఉండటం మంచిది. ఇక్కడే పుట్టింటి చిక్కు వస్తుంది. ఏడో నెలలో సీమంతం చేసి పురుటికి పుట్టింటికి పంపడం మన ఆనవాయితీ. ఆ పుట్టిల్లు లంకలో అయితే, పురుడు ఆగస్టులో అయితే? సీమంతం పుట్టింట్లో చేయండి, పురుడు మాత్రం గట్టు ఇవతల. ఇది మీ అమ్మకి చెప్పడం కష్టమే. ఆశా కార్యకర్తని పక్కన పెట్టుకుని చెబితే కాస్త తేలికవుతుంది.

ఏ ఆసుపత్రికి వెళ్ళాలో కూడా ముందే తేల్చుకోండి. 34 వారాల లోపు నొప్పులు వస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి ఇంజెక్షన్లు ఇస్తారు, అవి పనిచేయడానికి ఒక రోజు వ్యవధి కావాలి. నెలలు నిండని బిడ్డని చూసే ఎస్‌ఎన్‌సీయూ వార్డు అన్ని చోట్లా ఉండదు. మీకు దగ్గర్లో ఎక్కడుందో ఏఎన్‌ఎమ్‌ని అడిగి, తల్లీబిడ్డల కార్డు మీదే రాయించుకోండి.

సంచీలో ఆ కార్డు, స్కానింగ్ కాగితాలు, ఆధార్, ఐరన్, కాల్షియం, బీపీ మాత్రలు రెండు వారాలకి సరిపడా, నాలుగు పాత నూలు గుడ్డలు, టార్చి, ఛార్జింగ్ పెట్టిన పవర్ బ్యాంకు, ఓఆర్‌ఎస్. అన్నీ రెండు పాలిథిన్ కవర్లలో. ఫోన్లో 108 అందరికీ తెలుసు, విపత్తుల సంస్థ కంట్రోల్ రూము 1070, 112 కూడా వేసుకోండి.

తుఫానుకైతే హెచ్చరిక రెండు మూడు రోజుల ముందే వస్తుంది. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో చూసినవాళ్ళకి ఇంకా చెప్పక్కర్లేదు, చెట్లు పడి రోడ్లు మూసుకుపోతే అంబులెన్సు ఎక్కడికీ రాదు. ఇప్పుడు కాన్పు దగ్గర పడ్డవాళ్ళని ముందుగానే ఆసుపత్రులకి తరలిస్తున్నారు. ఆ జాబితాలో మీ పేరు ఉందో లేదో మీరే ఫోన్ చేసి అడగండి. పుట్టింటికి వచ్చినవాళ్ళ పేర్లు అత్తగారి ఊరి జాబితాలో ఉండిపోయి, ఇక్కడ లెక్కలోకి రాకపోవడం మామూలే.

నీళ్ళు తీశాక ఇల్లు కడిగే పని గర్భిణికి వద్దు. బురదలో పాములుంటాయి. కాటు పడితే విషానికి విరుగుడు మందు గర్భిణికి కూడా ఇస్తారు, ఇవ్వాలి కూడా. మంత్రగాడి దగ్గర ఒక్క నిమిషం పోగొట్టకండి. దోమతెర పగలు కూడా వాడండి.

చలికాలం గురించి మన దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. పొగమంచు వేళ హైవే ప్రయాణాలు మానుకుంటే చాలు. అమావాస్యకీ పౌర్ణమికీ నొప్పులొస్తాయన్న మాట లెక్కలు తీసినచోట నిలవలేదు.

ఆగకుండా వెళ్ళాల్సిన గుర్తులు

ఏడో నెల దాటాక బిడ్డ కదలికలు రోజూ ఒకే వేళ గమనించండి. తగ్గినట్టనిపిస్తే మజ్జిగ తాగి, ఎడమ పక్కకి తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే ఆసుపత్రికి. 37 వారాల లోపు గంటలో నాలుగుసార్లకి మించి పొట్ట గట్టిపడుతుంటే, ఉమ్మనీరు పోతే, రక్తం కనపడితే, ఆగని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం వాచడం, ఎండలో తిరిగాక మాట తడబడటం లేదా ఒళ్ళు కాలిపోవడం, వీటిలో ఏదున్నా 108. ఎండ దెబ్బయితే బండి వచ్చేలోపు చీర వదులు చేసి, ఒంటిమీద నీళ్ళు పోసి విసురుతూ ఉండండి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు.

పురిటి గది

మే నెలలో పురుడొస్తే నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ గదే. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెవుల్లో దూది, పక్కన కుంపటి, పథ్యమని నీళ్ళు కొలిచి ఇవ్వడం. పాలిచ్చే తల్లికి మామూలు కన్నా ఎక్కువ నీళ్ళు కావాలి. ఫ్యాను గాలికి వాతం చేయదు. పెద్దవాళ్ళతో తగువు వద్దనుకుంటే చెవుల్లో దూది పెట్టుకోనివ్వండి, దానివల్ల నష్టమేం లేదు. కిటికీ మాత్రం తెరిపించండి.

బిడ్డకి ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు, తేనె, పంచదార నీళ్ళు ఏవీ వద్దు, ఎండాకాలమైనా సరే. దాహానికి పాలే ఎక్కువసార్లు పట్టాలి. వేసవిలో ఒక పల్చటి నూలు చొక్కా చాలు, టోపీ, సాక్సు అక్కర్లేదు. ఛాతీ, వీపు తాకి చూడండి. వేడిగా ఉండి, ముఖం ఎర్రబడి, ఊపిరి వేగంగా తీస్తుంటే బట్ట తీసి, తడిగుడ్డతో తుడిచి, పాలు పట్టండి, తగ్గకపోతే ఆసుపత్రికి. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డ సంగతి వేరు. వాన రోజుల్లో ఇట్టే చల్లబడిపోతుంది. తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం ఆనించి, పైన గుడ్డ కప్పి రోజులో వీలైనన్ని గంటలు ఉంచాలి. తండ్రి ఛాతీ మీద పెట్టినా పనిచేస్తుంది.

ఆసుపత్రిలో పురుడైతే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికొచ్చి బిడ్డ బరువు చూడాలి. వరదలో మీరు చుట్టాలింట్లో ఉంటే ఆ ఊరి ఆశాకి మీ పేరు చెప్పి, బరువు కార్డులో వేయించుకోండి.